పైకప్పులు కనబడని చోటు



తైత్తిరీయ ఆరణ్యకంలోని ద్వితీయ ప్రశ్నము బ్రహ్మయజ్ఞానికి తగిన స్థలాన్ని నిర్దేశిస్తుంది. ఊరికి తూర్పునకో, ఉత్తరానికో, ఈశాన్యానికో వెళ్ళి, ఇళ్ళ పైకప్పులు కంటికి ఆననంత దూరంలో స్వాధ్యాయం చేయాలని దాని తాత్పర్యం. ఇన్ని క్రోశాలు, ఇన్ని ధనుస్సులు అని అక్కడ కొలత చెప్పలేదు. కన్నే కొలత. ఇంటి కప్పు కనబడుతున్నంతసేపు మనిషి ఇంకా ఇంట్లో ఉన్నట్టే లెక్క.

మెదక్ పట్టణంలో ఇంటివద్దనే వేదం చెప్పే ఒక ఘనపాఠిగారికి ఈ నియమం చాలాకాలంగా మనసులో ముల్లులా ఉన్నది. ఉదయం శివాలయంలో అర్చన, తరువాత ఇద్దరు విద్యార్థులకు అధ్యాపనం, సాయంకాలం మళ్ళీ ఆలయం, ఇదే ఆయన దినచర్య. బాల్యంలో ఆయనకు ఆరణ్యకం చెప్పిన గురువుగారు ఊరి వెలుపలి చెరువుకట్ట మీదికి నడిపించి సంథ చెప్పేవారు. ఇప్పుడు అదే కట్ట మీద నిలబడితే నాలుగు దిక్కులా డాబాలు, డాబాల మీద నల్లని నీళ్ళ ట్యాంకులు. శాస్త్రం మారలేదు, చెరువుకట్టా మారలేదు. ఊరే నడిచి వచ్చి కట్ట పక్కన కూర్చున్నది.

ఈ కార్తికంలో ఆ ముల్లు లోతుగా దిగింది. తైత్తిరీయ శాఖకు మొత్తం 82 పన్నాలు. సంహిత 44, బ్రాహ్మణం 28, ఆరణ్యకం 10. పదిహేడేళ్ళ పెద్ద విద్యార్థికి సంహిత, బ్రాహ్మణం పూర్తయ్యాయి. ఆరణ్యకంలో అరుణం, మూడు ఉపనిషత్ప్రశ్నములు, నారాయణం నిత్యం అవసరపడేవి కనుక ముందే వచ్చాయి. మిగిలినవి ఐదు పన్నాలు. స్వాధ్యాయాన్ని గురించి చెప్పే ఆ ద్వితీయ ప్రశ్నమే వాటిలో మొదటిది. దానిని ప్రారంభించడానికి బహుళ పంచమిని నిశ్చయించుకున్నారు. చవితినాటి రాత్రి విద్యార్థి తండ్రి ఫోన్ చేశాడు. ఆయనా ఒక చిన్న గ్రామంలో అర్చకుడే. కుమార్తె వివాహానికి చేసిన ఋణం తీరలేదు. నగరంలో ఒక దుకాణంలో లెక్కలు వ్రాసే ఉద్యోగం దొరికిందనీ, మార్గశిరం రాకముందే కొడుకును తీసుకువెళ్తాననీ చెప్పాడు. ఘనపాఠిగారు కోపగించుకోలేదు. అప్పు ఎంతటి భారమో అర్చకుని ఇంట పుట్టినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. “రేపు మాట్లాడుకుందాం” అని ఊరుకున్నారు.

ఇంట్లో అప్పుడు మరొక అతిథి కూడా ఉన్నాడు. ఘనపాఠిగారి చెల్లెలి కుమారుడు, అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉద్యోగి. కిందటి సంవత్సరం మెక్సికోలోని యుకతాన్ ప్రాంతానికి వెళ్ళి మాయా జాతివారి ప్రాచీన శిథిల నగరాలను చూసి వచ్చాడు. ఆ ఛాయాచిత్రాలను ఇంటిల్లపాదికీ చూపించి, “మామయ్యా, ఇక్కడ కూడా ఒక అడవి, ఒక పాత కోట చూడాలని ఉంది” అన్నాడు. వీరికి అరణ్యం కావాలి, అతనికి సాహసయాత్ర కావాలి. అతని అద్దెకారు ఇద్దరికీ కలిసివచ్చింది.

తెల్లవారుఝామున సంధ్యావందనం ముగించుకొని మొదట దుర్గం ఎక్కారు. కాకతీయుల కాలంలో వెలసిన మెతుకుదుర్గం ఇది. తరువాత కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. మెట్టు మెట్టుకూ పాలకుల చేతులు మారిన గుర్తులు కనబడుతాయి. ఒక ద్వారం మీద సింహాలు, మరొకచోట ఇరువైపులా ఏనుగులు, ప్రవేశంలో రెండు తలల గండభేరుండం. పైకి వెళ్తే మసీదు, ధాన్యాగారాలు, ఒక పొడవైన ఫిరంగి. చిన్న విద్యార్థి పన్నెండేళ్ళవాడు, ఫిరంగిని వదలి రానన్నాడు. ఘనపాఠిగారి మోకాలు ఈ మధ్య సహకరించడం లేదు. ప్రతి మలుపులోనూ కాసేపు కూర్చుని లేస్తూ ఎక్కారు.

పైనుంచి చూస్తే పట్టణమంతా పైకప్పులే. నడుమ 175 అడుగుల గంటగోపురంతో మహాదేవాలయం, అంటే క్రైస్తవుల కెథడ్రల్. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఆంగ్ల మతాచార్యుని పర్యవేక్షణలో నిర్మితమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. దుర్గం నిర్మించినవారి వంశాలు ఏనాడో అంతరించాయి, దుర్గం శిథిలమైంది. దిగువన ఆ గోపురం మాత్రం శిథిలం కాదు, ఎందుకంటే అక్కడ ఇప్పటికీ ప్రార్థన జరుగుతున్నది. పరమతానిదైనా ఈ మాట ఒప్పుకొనవలసిందే.

మేనల్లుడు ఫిరంగి పక్కన కూర్చుని యుకతాన్ విశేషాలు చెప్పసాగాడు. చిచెన్ ఇత్సా అనే నగరంలో కుకుల్కాన్ అనే నాగదేవతకు కట్టిన సోపానమందిరం ఉన్నది. నాలుగు వైపులా ఒక్కొక్క దిక్కున 91 మెట్లు, శిఖరవేదికతో కలిపితే 365. విషువద్దినాల సాయంకాలం మెట్ల అంచు మీద పడే నీడ, పైనుంచి కిందికి జారే సర్పంలా కనబడుతుందట. శిష్యులిద్దరూ నోరు తెరిచి విన్నారు. అప్పుడతడు అసలు మాట బయటపెట్టాడు.

“మామయ్యా, వాళ్ళు మాయా జాతి. మన మయుడు దానవశిల్పి. ఆయన సంతతే అక్కడికి వెళ్ళిందని, ఆ నగరాలు ఆయనే కట్టాడని చాలామంది వ్రాస్తున్నారు. నిజమేనా?”

ఆస్తికుల మధ్య ఈ మాట ఇప్పుడు బాగా ప్రచారంలో ఉన్నది. వినడానికి ఇంపుగా ఉంటుంది కనుక ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ఘనపాఠిగారు వేశారు.

“నాయనా, వాళ్ళ భాషలో మయుని కథ ఉన్నదా?”

“లేదు.”

“మన గ్రంథాల్లో మయుడు సముద్రం దాటి అక్కడికి వెళ్ళాడని ఉన్నదా?”

“తెలియదు. పేరు ఒకటే కదా అని...”

“పేరు కలిసినంత మాత్రాన వస్తువు కలవదు. నామసామ్యం ప్రత్యక్షం కాదు, అనుమానానికి హేతువూ కాదు. రామయ్య అనే పేరున్నవారందరూ ఒకే ఇంటివారా?” అని, ఆయన మయుని వృత్తాంతం ఇతిహాసంలో ఎలా ఉన్నదో చెప్పారు. ఖాండవవనం దగ్ధమవుతున్నప్పుడు తక్షకుని నివాసం నుంచి పరుగెత్తుకొచ్చిన మయుడు అర్జునుని శరణు వేడాడు. ప్రాణం నిలిపినందుకు కృతజ్ఞతగా పాండవులకు సభ నిర్మించాడు. దానికి పట్టిన కాలం పద్నాలుగు మాసాలు. మయుని పేరిట దక్షిణదేశంలో మయమతమనే వాస్తుగ్రంథం కూడా ఉన్నది. “మన మయుడు మనకు చాలు. ఎండలో రాళ్ళు మోసి, నక్షత్రాలను లెక్కించి ఆ మందిరం కట్టిన వాళ్ళ తాతల కష్టాన్ని మన ఖాతాలో వేసుకోవడం అపహరణమే. అస్తేయం ధనానికి మాత్రమే చెప్పిన వ్రతం కాదు.”

మేనల్లుడు కొంత చిన్నబుచ్చుకున్నాడు. అయితే దిగేటప్పుడు మామయ్య చేయి పట్టుకుని అతడే దింపాడు.

దుర్గం నుంచి ఉత్తరంగా ఎల్లారెడ్డి మార్గంలో పదిహేను కిలోమీటర్లు వెళితే పోచారం. మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగుపై 1922లో పూర్తయిన ఆనకట్ట వెనుక పెద్ద జలాశయం, దానిని ఆనుకుని మెదక్, కామారెడ్డి జిల్లాల సరిహద్దులో సుమారు 130 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. నిజాంల కాలంలో ఇది మృగయాభూమి. ఆ వేటకు బలి కావలసిన జంతువుల సంతతే ఇప్పుడు ఇక్కడ నిర్భయంగా మేస్తున్నది. అటవీశాఖవారి అనుమతి తీసుకుని, తోడుగా వచ్చిన వాచర్ చూపిన బాటలో లోపలికి నడిచారు. టేకు ఆకులు ఎండి కాళ్ళకింద అప్పడాల్లా విరుగుతున్నాయి. ఒక పుట్టను ఎలుగుబంటి రాత్రే తవ్వి చెదలు తిన్న గుర్తును వాచర్ చూపించాడు. చిన్నవాడు ఆ క్షణం నుంచి గురువుగారి ఉత్తరీయం కొన విడువలేదు.

ఒక చదునైన బండ మీదికి వచ్చాక ఘనపాఠిగారు ఆగి, నాలుగు దిక్కులూ నెమ్మదిగా పరికించారు. ఒక్క కప్పు లేదు. చేతులు కాళ్ళు కడుక్కొని, ఆచమనం చేసి, దర్భలు పరుచుకొని కూర్చున్నారు. ఏడేళ్ళుగా ఇంటి వసారాలో విన్న కంఠం ఆరుబయట వేరుగా వినబడిందని పెద్దవాడు తరువాత చెప్పాడు. వసారాలో గోడ తిప్పి కొట్టేది, ఇక్కడ స్వరం వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు, కనుక పలికినప్పుడే సరిగా పలకాలి. గురువు ఒకమారు, శిష్యుడు రెండుమార్లు. అలా మూడు అనువాకాలు సాగాయి.

ఆ సమయంలో పొదల మధ్య ఒక మనుబోతు కనబడింది. మేనల్లుడు కెమెరా తీసుకుని దాని వెనుక వెళ్ళాడు. భయం మరచిన చిన్నవాడు అతని వెనుక వెళ్ళాడు. సంథ ముగిసి కళ్ళెత్తి చూసేసరికి ఇద్దరూ లేరు. వాచర్ ఒక దిక్కుకు, గురుశిష్యులు మరొక దిక్కుకు వెతుకుతూ బయలుదేరారు. ఫోనుకు సంకేతం అందడం లేదు. పెద్దవాడు ఘనపాఠకులు పిలిచే గొంతుతో చిన్నవాని పేరు పిలిచాడు. చెట్లలోంచి నెమళ్ళు లేచాయి గానీ జవాబు లేదు. ముళ్ళపొదల్లో ఘనపాఠిగారి పంచె చిరిగింది, మోకాలు ఒక రాతికి తగిలి నెత్తురు వచ్చింది. ఎండలో దాదాపు ముప్పావుగంట గడిచాక, మారేడు చెట్టు కింద ఇద్దరూ కదలకుండా నిలబడి కనిపించారు.

వాళ్ళముందు ఒక పాడుబడ్డ గుడి అవశేషం. నాలుగు స్తంభాల్లో ఒకటే నిలిచి ఉన్నది. కప్పు లేదు. పానవట్టం ఉండవలసిన చోట నిలువెత్తు గొయ్యి. గుప్తనిధుల కోసం దొంగలు తవ్విన గొయ్యి అది, మన ప్రాంతంలో ఇటువంటివి తరచూ వింటున్నదే. గొయ్యి పక్కన పెళ్ళగించి పడేసిన నాగశిల, జంటసర్పాలలో ఒకదాని పడగ విరిగింది. విరిగిన అంచు మీద తాజా పసుపు, కుంకుమ. కింద మూకుడులో చమురు తడి ఆరని వత్తి.

చిన్నవాడే మొదట అడిగాడు. “గురువుగారూ, భిన్నమైన విగ్రహానికి పూజ చేయకూడదంటారు కదా. మరి ఎవరో చేశారే?”

ప్రశ్న సామాన్యమైనదే, సమాధానం అంత సామాన్యం కాదు. మనుష్యప్రతిష్ఠితమైన మూర్తి అంగహీనమైతే అందలి కళను కుంభంలోకి ఆకర్షించి, శిలను జలంలో విడిచి, నూతనమూర్తిని ప్రతిష్ఠించాలని జీర్ణోద్ధారవిధి. అగ్నిపురాణంలోనూ దీనికి ప్రత్యేక అధ్యాయం ఉన్నది. దారుమూర్తి అయితే అగ్నికి, శిలామూర్తి అయితే నీటికి. అయితే స్వయంభువులకు, దేవతలూ ఋషులూ ప్రతిష్ఠించినవాటికి ఈ విధి వర్తించదు, భిన్నమైనా వాటిని త్యజించకూడదు. ఇక ఈ నాగశిలను ఎవరు ప్రతిష్ఠించారో చెప్పే శాసనం లేదు, అర్చకుడు లేడు, కుంభం లేదు, ఊరు కూడా లేదు.

“విధి నడిపించవలసినవారు లేనప్పుడు ఆ విధి ఎవరిమీద?” అని ఘనపాఠిగారు ఆ దీపాన్ని చూపించారు. “ఈ పసుపు పూసిన అమ్మ ఏ ఆగమమూ చదివి ఉండదు. గొర్రెలు తోలుకొచ్చిన గొల్లామె కావచ్చు, తండా నుంచి వచ్చిన ఇల్లాలు కావచ్చు. దొంగ పడగ విరగ్గొట్టి పోయాడు, ఆమె విరిగినచోటనే బొట్టు పెట్టింది. దీనిని తప్పనడానికి నాకు నోరు రాదు.”

మేనల్లుడు ఆ శిలను కారులో మెదక్‌కు తీసుకువెళ్ళి ఆలయంలో భద్రపరచుదామన్నాడు. భక్తితోనే అన్నాడు. ఘనపాఠిగారు ఒప్పుకోలేదు. అడవిలోని ప్రాచీన శిలను ఎత్తుకుపోవడం చట్టరీత్యా నేరం. పైగా రేపు ఆమె దీపం పెట్టడానికి వస్తే ఎవరికి పెట్టాలి? గొయ్యి సంగతి అటవీశాఖవారికి తెలియజేయమని వాచర్‌కు చెప్పారు. పెద్దవాడు శిలను నేలమీద నిటారుగా నిలిపి, అడుగున రాళ్ళు పేర్చాడు. ఆ మాత్రమే చేయగలిగారు.

తిరుగుదారిలో మేనల్లుడు తనకు తానుగా మాట్లాడాడు. యుకతాన్‌లో అతని మార్గదర్శి ఒక సంగతి చెప్పాడట. చియాపాస్ అడవుల్లో యాష్‌చిలాన్ అనే శిథిలనగరం ఉన్నది. వందల ఏళ్ళ క్రితమే రాజులు పోయారు, చెట్లు గోడల్ని కప్పేశాయి. అయినా చుట్టుపక్కల ఉండే లకందోన్ జాతివారు ఇరవయ్యో శతాబ్దంలో కూడా అక్కడికి వెళ్ళి, మట్టి ధూపపాత్రల్లో కోపాల్ అనే సాంబ్రాణి వేసేవారట. లోకం “అంతరించిన జాతి” అని వ్రాసుకుంటున్నది గానీ, ఆ మార్గదర్శి స్వయంగా మాయా వంశీకుడు, ఇంట్లో ఆ భాషే మాట్లాడతాడు.

“మరి వాళ్ళ శాస్త్రగ్రంథాలు?” అని పెద్దవాడు అడిగాడు.

1562 జులైలో మాని అనే ఊళ్ళో దియెగో దె లాందా అనే క్రైస్తవ సన్యాసి వాటిని కుప్పపోసి కాల్పించాడు. ఈనాడు ప్రపంచం మొత్తంలో మిగిలినవి నాలుగు పుస్తకాలు. జర్మనీలో ఒకటి, స్పెయిన్‌లో ఒకటి, ఫ్రాన్స్‌లో ఒకటి, మెక్సికోలో ఒకటి. చదివే విద్య తెగిపోయింది కనుక ఆ లిపి మళ్ళీ చదవబడడానికి దాదాపు నాలుగు వందల ఏళ్ళు పట్టింది.

ఘనపాఠిగారు చాలా దూరం మౌనంగా నడిచారు. “మనవాటిని కాల్చడానికి వీల్లేదు. కాల్చనక్కరా లేదు. ఒక్క తరం పిల్లలు చెప్పుకోకపోతే చాలు” అన్నారు. ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో పెద్దవానికి తెలుసు. వాడు తల వంచుకున్నాడు. అంతకుముందు రాత్రి తండ్రి ఫోన్ వసారాలో వాడూ విన్నాడు. ఆ మాట అన్నందుకు ఘనపాఠిగారే వెంటనే నొచ్చుకున్నట్టు కనబడ్డారు. అప్పు చేసినవాడు పిల్లవాడు కాదు.

మధ్యాహ్నం రెండు దాటాక జలాశయం ఒడ్డున ఉసిరిచెట్టు కింద వనభోజనం. కార్తికంలో ధాత్రీవృక్షచ్ఛాయలో భుజించడం విష్ణుప్రీతికరమని పురాణవచనం. పులిహోర, దద్ధ్యోజనం, మాగాయ. ఆకలి మీద ఎవరూ మాట్లాడలేదు.

అక్కడినుంచి మళ్ళీ మెదక్ మీదుగా ఏడుపాయలకు. మంజీర ఏడు పాయలుగా చీలి బండల మధ్య ప్రవహించేచోట వనదుర్గాభవాని కొలువున్నది. జమదగ్ని, అత్రి, కాశ్యప, విశ్వామిత్ర, వసిష్ఠ, భరద్వాజ, గౌతములు, ఈ సప్తర్షుల పేర్లే ఆ ఏడు పాయలకూ. జనమేజయుడు సర్పయాగం చేసిన స్థలం ఇదేనని, అందులో దగ్ధమైన నాగులకు సద్గతి కలగడానికి గరుత్మంతుడు తెచ్చిన నది యజ్ఞకుండాల మీదుగా ఇలా చీలి ప్రవహించిందని స్థలపురాణం. వర్షాకాలంలో ఎగువ నుంచి వరద వదిలితే అమ్మవారి గర్భాలయం నీట మునుగుతుంది. అప్పుడు ఉత్సవమూర్తిని రాజగోపురంలో ఉంచి పూజిస్తారు. నీరు తీయగానే బురద కడిగి మళ్ళీ దీపం పెడతారు. ఎన్ని మార్లు మునిగినా ఆ గుడి శిథిలాల జాబితాలోకి ఎక్కలేదు.

మేనల్లుడు అవకాశం కోసం కాచుకున్నాడు కాబోలు. “మామయ్యా, పొద్దున నా మయుణ్ణి కొట్టేశారు. మరి ఇక్కడ సర్పయాగం జరిగిందంటే ఒప్పుకుంటారా? దీనికి ప్రమాణం ఏమిటి?”

ఇది న్యాయమైన ఆక్షేపమే. ఘనపాఠిగారు నవ్వారు. “ఇతిహాసం ప్రకారం యాగం ముగిశాక జనమేజయుడు తక్షశిల నుంచి హస్తినాపురానికి మరలాడు. ఆ లెక్కన ఇది ఇక్కడిది కాదు. దాన్ని దాచను. కానీ స్థలపురాణం చరిత్రకు పోటీగా చెప్పింది కాదు. ఇక్కడి జనం తాము తాగే నీటిని ఋషుల పేర్లతో పిలుచుకున్నారు, అమ్మవారి గుడి మునిగినప్పుడల్లా ఆ కథ చెప్పుకొని మళ్ళీ కడిగారు. ఇది ఎవరి పూర్వీకులదీ లాక్కోలేదు. నీ మాట లాక్కున్నది. తేడా అదే.” కాస్త ఆగి ఇంకొక మాట కలిపారు. “ఆ రెండు కథలకూ ముడి వేరేచోట ఉన్నది. ఖాండవదహనంలో మయుడు బ్రతికాడు, కురుక్షేత్రంలో ఉండడం వల్ల తక్షకుడూ బ్రతికాడు. ఆ తక్షకుడే పరీక్షిత్తును కరిచాడు. అందుకు కొడుకు సర్పజాతినంతా హోమం చేయబోయాడు. ఒక అడవిని కాల్చిన నిప్పు మూడు తరాల తరువాత మళ్ళీ రాజుకున్నది. ఆపింది ఎవరు? ఆస్తీకుడు. వాడు చిన్నపిల్లవాడు. చదువు నేర్చిన నోరు తప్ప వాడి దగ్గర ఇంకేమీ లేదు.”

అమ్మవారి సన్నిధిలో దుర్గాసూక్తం చెప్పారు. అది నారాయణప్రశ్నములోనిది, అంటే ఆరణ్యకంలోనిదే. వనదుర్గకు వనంలో చెప్పుకునే గ్రంథం నుంచి స్తుతి. పెద్దవాని కంఠం ఆ వేళ బాగా పలికింది. దర్శనానికి వచ్చిన గ్రామస్థులు కొబ్బరిచిప్పలు చేత పట్టుకొని ఆగి విన్నారు.

మెట్లు దిగుతుండగా తండ్రి ఫోన్ వచ్చింది. ఘనపాఠిగారు బండ మీద కూర్చుని మాట్లాడారు. ఋణం ఎంతో అడిగారు. విని, అది తన శక్తికి మించినదని ఉన్నదున్నట్టు చెప్పారు. “మీ పిల్లవాణ్ణి ఆపమని అడగను” అన్నారు. ఫోన్ పెట్టిన తరువాత మేనల్లుడు మెల్లిగా, దూరం నుంచి ఫోనులో చెప్పవచ్చు కదా అన్నాడు. విదేశాల్లోని భక్తులు రుద్రం అలా నేర్పమని ఎన్నోసార్లు ప్రార్థించినా ఘనపాఠిగారు అంగీకరించలేదు. గురుముఖం అంటే ముఖమే, యంత్రం అనుదాత్తాన్ని కోసేస్తుందని ఆయన పట్టుదల. ఆ పట్టుదలలో న్యాయం ఉన్నది. దానివల్ల నష్టమూ ఉన్నది.

ఆయన మోకాలి గాయం మీది నెత్తురు మంజీర నీటితో కడుక్కుంటూ చాలాసేపు కూర్చున్నారు. ఉదయం చెప్పిన అదే ప్రశ్నములో ముందుకు వెళితే ఒక సడలింపు ఉన్నది. కప్పులు దాటి వెళ్ళలేనివాడు గ్రామంలోనే మనస్సులో స్వాధ్యాయం చేసుకోవచ్చునని శౌచుడనే ఋషి అభిప్రాయం. బలం లేనివాడికి నిలుచుని గాని, కూర్చుని గాని, పడుకొని గాని చేసినా దోషం లేదు. ఆ యజ్ఞానికి అనధ్యయనాలు రెండే, తాను అశుచిగా ఉండడం, ఉన్నచోటు అశుచిగా ఉండడం. పైకప్పుల నియమం చెప్పిన గ్రంథమే పైకప్పుల కింద ఉండవలసివచ్చినవాణ్ణి విడిచిపెట్టలేదు. ముప్పై ఏళ్ళుగా ఈ భాగాన్ని ఆయన పాఠం చెబుతున్నారు.

“దుకాణం ఎన్నింటికి తెరుస్తారట?” అని పెద్దవాణ్ణి అడిగారు.

“తొమ్మిదింటికి, గురువుగారూ.”

“నాలుగున్నరకు స్నానం చేసి కూర్చోగలవా? ఐదు పన్నాల్లో నాలుగింటికి ఫోన్ మీద సంథ చెబుతాను. పితృమేధం మాత్రం చెప్పను, దానికి నువ్వు రావలసిందే. నెలకొకసారి వచ్చి, నా ఎదురుగా కూర్చుని మొత్తం అప్పగించాలి. స్వరం తప్పితే మళ్ళీ మొదటినుంచి.”

వాడు జవాబు చెప్పలేదు. వంగి, తడిసిన పాదాలకు నమస్కరించాడు.

చీకటి పడుతుండగా కారు బయలుదేరింది. చిన్నవాడు మేనల్లుడి భుజం మీద నిద్రపోయాడు. పెద్దవాడు ఉదయం విన్న మూడు అనువాకాలను కిటికీ వైపు తిరిగి మెల్లగా వల్లెవేస్తున్నాడు. రెండో అనువాకంలో ఒకచోట స్వరితాన్ని ఉదాత్తంగా పలికాడు. వెనుకకు వాలి కళ్ళు మూసుకున్న ఘనపాఠిగారు ఆ పదాన్ని ఒక్కసారి సరిగా పలికారు. వాడు రెండుమార్లు చెప్పాడు. మెదక్ పొలిమేరలో మొదటి దీపాలు, మొదటి డాబాలు కనబడగానే వాడి గొంతు ఆగింది. పెదవులు కదులుతూనే ఉన్నాయి.